తిరగబడిన కారుకు ప్రత్యర్థే దిక్కు

*చేతిలో రిమోట్, మలుపులో మూరెడు కారు. నడిపేవాడి ఒంటికి దెబ్బ తగలని పందెంలో దురుసును ఆపేది ఏమిటి? రేడియో కార్ల పోటీల్లో మర్యాదకు రాసిన నియమాలున్నాయి, రాయని కట్టుబాట్లు ఇంకా ఎక్కువ ఉన్నాయి.*

ఐదు నిమిషాల పందెంలో మూడో నిమిషం. మట్టి ట్రాక్ మీద పది కార్లు దుమ్ము లేపుకుంటూ తిరుగుతున్నాయి. ఒక్కోటి మూరెడు పొడవు, కిలోన్నర బరువు. దిబ్బ ఎక్కి గాల్లోకి లేచిన నీలం కారు ముక్కు కిందికి వాలింది. నేలకు కొట్టుకుని రెండు పల్టీలు వేసి వెల్లకిలా పడింది. చక్రాలు నాలుగూ ఆకాశం కేసి గిర్రున తిరుగుతున్నాయి. దాన్ని నడిపే కుర్రాడు అరవై అడుగుల అవతల, పొలంలో మంచెలాంటి ఎత్తయిన అరుగు మీద, మిగతా తొమ్మిది మందితో భుజం భుజం ఆనించుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో రిమోట్ ఉన్నా ఇప్పుడు దాంతో పని జరగదు. మంచె దిగకూడదు. చూస్తూ ఉండాలి, అంతే.

మలుపు దగ్గర నారింజ రంగు చొక్కా తొడుక్కుని నిలబడ్డ ఇంకో కుర్రాడు కదిలాడు. ముందు కార్లు వచ్చే వైపు చూశాడు. దూసుకొస్తున్న మూడింటిని పోనిచ్చాడు. పరుగున వెళ్లి నీలం కారును పడ్డచోటే నిలబెట్టి తన చోటికి వచ్చేశాడు. మూడు నాలుగు సెకన్ల పని. "థ్యాంక్స్ అన్నా" అని మంచె మీద నుంచి కేక వినిపించింది.

మార్షల్ అని పిలిచే ఆ నారింజ చొక్కా కుర్రాడు ట్రాక్ యజమాని పెట్టుకున్న జీతగాడు కాదు. పది నిమిషాల కిందటి పందెంలో కారు నడిపిన పోటీదారు. సాయంత్రం ఫైనల్లో చోటు దొరకాలంటే ఈ నీలం కారు కన్నా మంచి సమయం తనకు రావాలి. అది వెల్లకిలా ఎంతసేపు పడి ఉంటే తనకు అంత లాభం. అయినా పరుగెత్తాడు. తరవాతి పందెంలో తన కారు తిరగబడితే పరుగెత్తేది ఇంకో ప్రత్యర్థే.

ఆర్‌సీ రేసింగ్ అని పిలిచే రేడియో కార్ల పందెం జపాన్‌లో జరిగినా, ఇటలీలో జరిగినా, మన ఊరి పక్క ఖాళీ స్థలంలో జరిగినా ఈ ఏర్పాటు మీదే నడుస్తుంది. పెద్ద కార్ల పందెంలో దురుసుగా తగిలించేవాడికి తన ఎముకల మీద భయం ఉంటుంది. ఇక్కడ ఆ భయం లేదు. విరిగేది ప్లాస్టిక్ ముక్క. ప్రాణభయం చేయాల్సిన పనిని ఈ ఆటలో మర్యాద చేయాలి. అది లేని రోజున ఐదు నిమిషాల పందెంలో నాలుగు నిమిషాలు కార్లు ఎత్తి నిలబెట్టడంతోనే గడిచిపోతుంది.

బొమ్మ కారు, పందెం కారు

నెల్లూరు దగ్గరి మైపాడు తీరంలోనో, కోడూరు తీరంలోనో సెలవు రోజు సాయంత్రం ఇద్దరు పిల్లల చేతికి రెండు రిమోట్ కార్లు ఇస్తే మొదట మొదలయ్యేది గుద్దుకునే ఆట. ఎవరి కారు ఎవరి కారును తిరగేస్తే వారు గెలిచినట్టు. ఆన్‌లైన్ అంగళ్ల వల్ల వెయ్యి రెండు వేల రూపాయలకు కూడా ఇలాంటి కార్లు ఇంటి గుమ్మంలోకి వస్తున్నాయి. ఫోన్లలో కనిపించే చిన్న వీడియోల్లోనూ ఎక్కువ భాగం ఎగరడాలు, పడడాలు, పగలడాలే. పిల్లల తప్పేమీ లేదు. ఆ కారుతో ఇంకెలా ఆడవచ్చో చూపించినవారు లేరు.

పందెం కారు సంగతి వేరు. దాన్ని విడిభాగాలుగా కొనుక్కుని ఒక్కో మర బిగించుకుంటూ కట్టుకుంటారు. షాక్ అబ్సార్బర్‌లో పోసే నూనె చిక్కదనం, టైరు రబ్బరు మెత్తదనం, చక్రాల వాలు, అన్నీ నడిపేవాడే చూసుకోవాలి. అసలు బండిలో పదో వంతు, ఎనిమిదో వంతు పరిమాణాలు ఎక్కువగా కనిపిస్తాయి. పదో వంతు కార్లు చాలావరకు బ్యాటరీవి. మట్టి ట్రాక్ మీద నడిచే ఎనిమిదో వంతు బగ్గీల్లో చాలావాటికి మిథనాల్, నైట్రోమీథేన్, నూనె కలిపిన ఇంధనంతో నడిచే 3.5 సీసీ ఇంజన్లు ఉంటాయి. బరువు మూడు కిలోలు దాటుతుంది, వేగం గంటకు 60 కిలోమీటర్లు దాటుతుంది. అది కాలి చీలమండకు తగిలితే ఎముక విరగవచ్చు. నడిపేవాడికి దెబ్బ తగలదు గానీ, మలుపులో నిలబడ్డవాడికి తగులుతుంది. ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి. ఆటలోని నియమాల్లో సగం దీని చుట్టూనే అల్లుకున్నాయి.

> అరవై ఏళ్ల ఆట
> 1966లో ఇటలీకి చెందిన ఎలెట్రోనికా జొకాటొలి అనే సంస్థ ఫెరారీ 250 ఎల్‌ఎం రూపంలో రేడియో కారును అమ్మకానికి పెట్టింది. 1967లో అమెరికాలో రోర్ అనే పోటీదారుల సంఘం, 1973లో ఐరోపాలో ఎఫ్రా సమాఖ్య ఏర్పడ్డాయి. 1976లో జపాన్ సంస్థ టమియా పోర్షే 934 నమూనాతో ఈ కార్లను ఇళ్లలోకి తెచ్చింది. 1977లో కాలిఫోర్నియాలోని పొమోనాలో ఎనిమిదో వంతు కార్లకు తొలి ప్రపంచ పోటీ జరిగింది. ఇప్పుడు ప్రపంచ పోటీలను ఇఫ్‌మార్ అనే సమాఖ్య నడుపుతోంది.

బండలాగుడు లెక్కే ఇక్కడా

ఈ పందెం లెక్క నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లకు తేలిగ్గా బోధపడుతుంది. సంక్రాంతికో, ఊరి తిరునాళ్లకో జరిగే బండలాగుడు పోటీలో ఏ రెండు జతల ఎడ్లూ పక్కపక్కన పరుగెత్తవు. ఒక జత వస్తుంది, ఇచ్చిన నిమిషాల్లో బండను ఎన్ని అడుగులు లాగిందో కొలుస్తారు, తరవాతి జత వస్తుంది. పోటీ గడియారంతోనూ దూరంతోనూ. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు అని ఎడ్ల వయసును బట్టి విభాగాలుంటాయి.

రేడియో కార్ల అర్హత పందెం సరిగ్గా ఇదే. ఐదు నిమిషాల్లో ఎన్ని చుట్లు తిరిగాడన్నదే లెక్క. చుట్లు సమానమైతే వాటిని ఎవరు తక్కువ సమయంలో పూర్తిచేశారో చూస్తారు. తేడా ఒక్కటే. ఇక్కడ స్థలమూ సమయమూ చాలవు కాబట్టి పది మందినీ ఒకేసారి ట్రాక్ మీదికి వదులుతారు. అదీ ఒకరి వెనక ఒకరిని, కొద్ది సెకన్ల ఎడంతో. ప్రతి కారులో అగ్గిపెట్టె కన్నా చిన్న ట్రాన్స్‌పాండర్ ఉంటుంది. ట్రాక్ కింద పాతిన తీగ మీదుగా పోయిన ప్రతిసారీ దాని చుట్టును కంప్యూటర్ రాసుకుంటుంది. ఎవరి గడియారం వారిదే.

కొత్తవాళ్లు మొదట తప్పులో కాలేసేది ఇక్కడే. కళ్లముందు పది కార్లు కలిసి తిరుగుతుంటే అది ముఖాముఖి పందెంలా కనిపిస్తుంది. వెనక నుంచి వచ్చేవాడిని ఆపాలనిపిస్తుంది. కానీ అర్హత పందెంలో వాడిని ఆపితే ఆపినవాడికి దక్కేది సున్న. ఇద్దరూ చెరో సెకను పోగొట్టుకుంటారు. ఆ సెకనుతోనే ఆఖరి చుట్టు చేజారిపోవచ్చు. ఒక జత బండ లాగుతుంటే ఇంకో జత యజమాని అడ్డంగా వచ్చి నిలబడడు కదా. అర్హత పందెంలో దారి మూసేయడం అలాంటి పనే. మర్యాద మాట అటుంచినా లెక్క ప్రకారం అది నష్టం.

ఫైనల్లో మాత్రం కొలత మారుతుంది. అందరూ గీత మీద వరసగా నిలబడి ఒకేసారి బయల్దేరతారు. అక్కడ స్థానం కోసం పోరాడవచ్చు, తన దారి తాను కాచుకోవచ్చు. ఎదుటివాడి కారును నెట్టి చోటు సంపాదించడం మాత్రం అక్కడా నేరమే.

మంచె మీద మౌనం

ట్రాక్ పక్కన ఉండే ఎత్తయిన వేదిక మీద పోటీదారులందరూ ఒకే వరసలో నిలబడతారు. ఎవరి చోటు వారిది. కారు అటు మలుపులోకి పోయిందని నడిపేవాడు కూడా అటు వంగితే పక్కవాడి కన్ను మూసినట్టవుతుంది. ముందుకు వంగి రిమోట్ చాచకూడదు. కాళ్లు కదపకుండా, కళ్లు కారు మీద నుంచి తిప్పకుండా నిలబడడం వారాల తరబడి సాధన చేస్తేనే వస్తుంది.

నోరు అదుపులో ఉండాలన్నది ఇంకో కట్టుబాటు. కారు తిరగబడితే "మార్షల్!" అని అరవాలనిపిస్తుంది. అరిచినంత మాత్రాన మార్షల్ ముందుగా రాడు. అతను అప్పటికే చూసి ఉంటాడు, కార్లు దాటడం కోసం ఆగి ఉంటాడు. పది మందిలో నలుగురు అరిస్తే పందెం నిర్వాహకుడు మైకులో చెప్పే మాట వినపడదు. బూతు మాట వస్తే చాలాచోట్ల మొదట హెచ్చరిక, తరవాత శిక్ష. అవసరమైన మాటలు మూడు నాలుగే. సాధన సమయంలో కారును ట్రాక్ మీదికి దించేముందు వస్తున్నానని చెప్పాలి. తగిలితే సారీ చెప్పాలి. దారి ఇచ్చినవాడికి థ్యాంక్స్ చెప్పాలి.

ఈ మంచెకు ఒక గుణం ఉంది. రహదారి మీద దురుసుగా దాటేసి పోయినవాడి ముఖం మళ్లీ కనపడదు. నెల్లూరు మీదుగా పోయే పదహారో నంబరు జాతీయ రహదారిపై రోజూ జరిగేది అదే. ఇక్కడ అలా కుదరదు. ఎవరి కారును గుద్దాడో అతని భుజం తన భుజానికి ఆనుకునే ఉంటుంది. పందెం అయ్యాక ఇద్దరూ ఒకే మెట్ల మీదుగా దిగాలి. ఈ ఆట మర్యాదను నేర్పగలుగుతోందంటే సగం కారణం నియమాల పుస్తకం, సగం ఈ ఇరుకు మంచె.

నీలి జెండా

ఒక చుట్టు వెనకబడిన కారును ముందున్నవాడు మళ్లీ అందుకున్నప్పుడు ఏం చేయాలి? ఎక్కువ గొడవలు పుట్టే ప్రశ్న ఇదే. పెద్ద కార్ల పందెంలో నీలి జెండా ఊపుతారు. ఇక్కడ నిర్వాహకుడు కారు నంబరు చెప్పి నీలి జెండా అని మైకులో ప్రకటిస్తాడు. వెనకబడినవాడు తర్వాతి ఒకటి రెండు మలుపుల్లో దారి ఇవ్వాలి.

దారి ఇవ్వడంలోనూ పద్ధతి ఉంది. బెదిరిపోయి నడిదారిలో టక్కున బ్రేకు వేస్తే వెనకవాడు వచ్చి గుద్దుకుంటాడు. తోసుకుని పక్కకు తప్పుకుంటే అటునుంచి వచ్చే మూడోవాడికి తగులుతుంది. సరైన పని ఏమిటంటే, తన దారిలోనే ఒకేలా నడుపుతూ వచ్చి, మలుపు దగ్గర కొంచెం వెడల్పుగా తిప్పి లోపలి వైపు ఖాళీ వదలడం. వెనకవాడు ఆ ఖాళీలోంచి జారిపోతాడు. ఇద్దరికీ పోయేది సెకనులో చిన్న ముక్క.

వేగంగా వచ్చేవాడికీ బాధ్యత ఉంది. ఈ సంగతిని అనుభవం ఉన్నవాళ్లే తరచు మరిచిపోతుంటారు. నీలి జెండా ప్రకటించారంటే ముందువాడిని నెట్టేసుకుని పొమ్మని అర్థం కాదు. ఖాళీ కనపడేదాకా వెనకే రావాలి. ముందున్నది పదేళ్ల పిల్లాడు కావచ్చు, మొదటిసారి మంచె ఎక్కినవాడు కావచ్చు. అతనికి వెనక ఎవరున్నారో చూసే తీరిక ఉండదు, తన కారును నేరుగా నడపడమే అతనికి పెద్ద పని. అలాంటివాడి మీద గట్టిగా అరిచినవాడు ఒక సెకను మిగుల్చుకోవచ్చు. ఆ పిల్లాడు మాత్రం మళ్లీ ట్రాక్‌కు రాడు. పది మంది కలిస్తేనే సాగే ఆటలో ఒకడు రాకపోతే అది అందరి నష్టం.

తగిలితే ఆగు

రెండు కార్లు తగిలి ఒకటి తిరగబడింది. తప్పు ఎవరిదో మంచె మీద ఉన్న ఇద్దరికీ తెలుసు. మంచి క్లబ్బుల్లో కనిపించే పద్ధతి ఇది. తగిలించినవాడు పక్కకు ఆగుతాడు. మార్షల్ వచ్చి తిరగబడ్డ కారును నిలబెట్టేదాకా, అది మళ్లీ ముందుకు పోయేదాకా ఎదురుచూసి దాని వెనకే బయల్దేరతాడు. నిర్వాహకుడు చెప్పనక్కర్లేదు.

రాసిన నియమం ప్రకారం చాలాచోట్ల ఇది తప్పనిసరి కాదు. చేయకపోతే నిర్వాహకుడు గమనించి ఆగి పొమ్మనే శిక్ష వేయవచ్చు, గమనించకపోవచ్చు. పది కార్ల మీద రెండు కళ్లు పెట్టడం ఎవరికైనా కష్టమే. అందుకే నడిపేవాడి నిజాయితీకి ఇక్కడ అంత విలువ. గొట్టాలు పాతిన హద్దు దాటి అడ్డదారిన పడ్డ కారు విషయంలోనూ ఇదే తీరు. పొరపాటున దాటినవాడు దక్కిన లాభాన్ని అక్కడే ఆగి వదిలేసుకోవాలి.

ఫైనల్లో మొదటి మలుపు దగ్గర ఈ మర్యాదకు గట్టి పరీక్ష. పది కార్లు ఒకే ఇరుకులోకి ఒకేసారి వస్తాయి. మొదటి మలుపులోనే పందెం గెలిచేద్దామనుకున్నవాడి వల్ల ఐదారు కార్లు కుప్ప పడతాయి. అందులో అతనిదీ ఉంటుంది. ఎనిమిదో వంతు ఇంజన్ కార్ల ప్రపంచ పోటీలో ఫైనల్ గంటసేపు సాగుతుంది. 125 సీసీల ఇంధనం మాత్రమే పట్టే ట్యాంకుతో ఎన్నోసార్లు పిట్ అనే మరమ్మతుల చోటికి వచ్చి నింపుకోవాలి. అంత పొడుగు పందెంలో మొదటి మలుపు దగ్గర ఒక స్థానం కోసం తెగించడం తెలివి తక్కువ పని.

> క్రిస్టల్ రోజులు
> ఒకప్పుడు ఒక్కో రిమోట్‌కు ఒక్కో తరంగం. అందుకు క్రిస్టల్ అనే చిన్న ముక్కను గుచ్చేవారు. ఒకే తరంగం మీద రెండో రిమోట్ ఆన్ అయితే మొదటివాడి కారు పిచ్చిపట్టినట్టు గోడకు పోయి కొట్టుకునేది. అందుకని ట్రాక్‌లో తరంగాల పలక పెట్టి, వాడేవాడు తన నంబరు క్లిప్పు తీసుకున్నాకే రిమోట్ ఆన్ చేయాలనే నియమం ఉండేది. 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్లు వచ్చాక ఆ బెడద పోయింది. మన దేశంలో ఈ తరంగ పట్టీని తక్కువ శక్తి పరికరాల కోసం 2005లో లైసెన్సు అవసరం లేకుండా వదిలారు.

నారింజ చొక్కా బాధ్యత

మార్షల్ పనికి ఎవరూ ఉబలాటపడరు. ఎండలో నిలబడాలి, దుమ్ము మింగాలి. తన కారుకు టైర్లు మార్చుకునే సమయంలో ఇంకొకరి కారును చూసుకోవాలి. అందుకే దీన్ని ఇష్టానికి వదలరు. నడిపినవాడు తరవాతి పందెంలో మార్షల్‌గా నిలబడి తీరాలి. నిలబడకపోతే అతని మంచి సమయాన్ని కొట్టేయడం దాకా శిక్షలుంటాయి. ప్రపంచ విజేత అయినా ఇది తప్పదు.

మంచి మార్షల్ కార్లు వచ్చే దిక్కుకు ఎదురుగా నిలబడతాడు. చేతులు కట్టుకోడు, ఫోను చూడడు. కాలికి బూట్లు ఉంటాయి, చెప్పులు కాదు. పడిన కారు దగ్గరికి పోయేముందు తన ఒంటిని చూసుకుంటాడు, తరవాత మిగతా కార్లను, ఆ తరవాతే పడిన కారును. ఈ వరస తప్పితే పడ్డ ఒక్క కారు కోసం పరుగెత్తి ఇంకో మూడింటికి అడ్డం పడతాడు, లేదా కాలు విరగ్గొట్టుకుంటాడు. కారును నిలబెట్టేటప్పుడు ఖాళీ చూసి నేల మీద పెట్టాలి. ఎదురొచ్చే కారు ముందు పెడితే సాయం చేసినట్టు కాదు. రెండు కార్లు పడితే తనకు దగ్గరున్నదాన్ని ముందు తీయాలి. స్నేహితుడి కారును ముందు తీసినవాడి పేరు ఆ సాయంత్రానికే చెడిపోతుంది.

మంచె మీద ఉన్నవాడి వంతు కూడా ఉంది. మార్షల్ కారును పట్టుకోగానే రిమోట్ మీటను వదిలేయాలి. గిర్రున తిరిగే చక్రం వేలి చర్మాన్ని చీల్చేస్తుంది. ఆ ఒక్క సెకను తొందరపడినవాడు తనకు సాయపడుతున్న చేతినే గాయపరుస్తాడు.

గొడవలు ఎక్కడ మొదలవుతాయి

మొదటి కారణం డబ్బు. బొమ్మ కారు వెయ్యికి దొరికినా, పందేనికి తగిన ఎనిమిదో వంతు బ్యాటరీ కారు, మోటారు, రిమోట్, బ్యాటరీలు, చార్జర్ అన్నీ కలిపితే యాభై వేల రూపాయలు దాటిపోతుంది. విదేశం నుంచి తెప్పించిన ముక్క విరిగితే వారాలు ఆగాలి. అలాంటి ముక్కను ఇంకొకడు నిర్లక్ష్యంగా విరగ్గొట్టినప్పుడు వచ్చే కోపం చిన్నదిగా ఉండదు.

రెండోది, చేతికి మించిన వేగం. కొత్తవాడు బలమైన మోటారు కొనుక్కుని మొదటి రోజే దిగుతాడు. నేరుదారిలో అందరినీ దాటేస్తాడు, మలుపులో అందరినీ గుద్దేస్తాడు. దీనికి మందుగానే ఒకే రకం మోటారు, ఒకే రకం టైర్లు అనే విభాగాలు పెట్టారు. పెద్ద కార్ల పందేల్లో ఈ ఆలోచనను మన దక్షిణాదిన నిలబెట్టినవారు సుందరం కరివర్ధన్. కోయంబత్తూరు లక్ష్మీ మిల్స్‌కు చెందిన, తెలుగు మూలాలున్న నాయుడు కుటుంబంలో పుట్టారు. నెల్లూరు నుంచి చెన్నై పోయే దారిలో రెడ్‌హిల్స్‌కు ముందే వచ్చే షోలవరంలో, రెండో ప్రపంచ యుద్ధకాలపు రన్‌వే మీద ఒకప్పుడు కార్ల పందేలు జరిగేవి. అక్కడ పేరు తెచ్చుకున్న కరివర్ధన్ మారుతి ఇంజన్‌తో చవకైన పందెం కార్లు తయారుచేయించి, అందరికీ ఒకే రకం బండి అందేలా చేశారు. 1995లో విమాన ప్రమాదంలో చనిపోయారు. కోయంబత్తూరు దగ్గరి రేసు ట్రాక్ ఆయన పేరుతోనే ఉంది. బండ్లు ఒకే రకమైనప్పుడు గెలుపు నడిపే చేతిది అవుతుంది. చేతిని నమ్ముకున్నవాడికి నెట్టాల్సిన అవసరం తక్కువ.

మూడోది తల్లిదండ్రులు. మంచె కింద నిలబడి "వదలద్దురా అబ్బయ్యా, గుద్దు" అని అరిచే తండ్రి కొడుకుకు చేసే చెడు అంతా ఇంతా కాదు. వేరే రకం తండ్రులూ ఉన్నారు. జపాన్‌కు చెందిన మసామి హిరోసాకా 1987లో ఇంగ్లండ్‌లోని రామ్సీలో తొలి ప్రపంచ టైటిల్ గెలిచేనాటికి పదిహేడేళ్లవాడు. మొత్తం 14 ప్రపంచ టైటిళ్లు సాధించాడు. అతని తండ్రే అతని మెకానిక్. మంచె మీద పని కొడుకుది, పిట్ బల్ల దగ్గర పని తండ్రిది.

పిట్ బల్ల దగ్గర

పందెంలో ఎంత పోటీ పడ్డా పిట్‌లో ఒకరి పెట్టె ఒకరికి తెరిచే ఉండడం ఈ ఆటలో కనిపించే గొప్ప గుణం. ఫైనల్‌కు పది నిమిషాల ముందు సస్పెన్షన్ చెయ్యి విరిగినవాడు బల్లల మధ్య తిరుగుతూ అడిగితే, ఆ ముక్క ఉన్నవాడు ఇస్తాడు. తనను ఓడించగలవాడికైనా ఇస్తాడు. విరిగిన కారును పక్కకు పెట్టించి గెలవడంలో వాళ్లకు రుచి ఉండదు.

తనిఖీ కూడా మర్యాదలో భాగమే. పందేనికి ముందో తరవాతో కారు బరువు, వెడల్పు, మోటారు, ట్యాంకు కొలత చూస్తారు. రెండు గదుల లిథియం పాలిమర్ బ్యాటరీ వోల్టేజి 8.40 మించకూడదు. కొద్దిగా ఎక్కించుకుంటే కొద్దిగా వేగం వస్తుందన్నది నిజమే. అలా మితిమీరి ఎక్కించిన బ్యాటరీ ఉబ్బి అంటుకుంటే కాలేది పక్కవాడి బల్ల కూడా. అందుకే మంటను తట్టుకునే సంచిలో పెట్టి, దగ్గరే కూర్చుని చార్జి చేయాలని కచ్చితంగా చెబుతారు.

మన ఇంజనీరింగ్ విద్యార్థులు ఈ ఆటను ఎక్కువగా చూసేది కళాశాలల సాంకేతిక ఉత్సవాల్లో. అక్కడి రిమోట్ బండ్ల పోటీల్లో చాలావాటిలో బండి చిక్కుకుంటే జట్టు సభ్యుడే వెళ్లి చేత్తో తీస్తాడు, తాకినందుకు సమయం కోత పెడతారు. చిన్న పోటీకి అది సరిపోతుంది. అయితే ఆ పద్ధతిలో ప్రత్యర్థి కారును ఎత్తి నిలబెట్టే అలవాటు అబ్బదు. ఉత్సవాల నిర్వాహకులు మార్షల్ వంతులు కూడా పెడితే విద్యార్థులకు ఆట మొత్తం తెలిసివస్తుంది.

తీరం మీద ఆడాలంటే

సముద్రపు ఒడ్డు ఖాళీగా, విశాలంగా కనిపిస్తుంది. కానీ ఈ కార్లకు అది మంచి చోటు కాదు. ఉప్పు గాలికి బేరింగులు తుప్పు పడతాయి. ఇనుము పాలున్న నల్ల ఇసుక మోటారులోని అయస్కాంతానికి అంటుకుని తిరగనివ్వదు. అంతకన్నా ముఖ్యం, ఆ ఒడ్డు మన ఒక్కరిదే కాదు. చలికాలం చివర నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి రాత్రిపూట ఈ తీరానికి వస్తాయి. వలలు ఆరబెట్టుకునేవాళ్లు, పడవలు లాగేవాళ్లు పగలంతా అక్కడే ఉంటారు. పులికాట్ సరస్సు వైపు పక్షులుంటాయి. చెవులు చిల్లులు పడే చిన్న ఇంజను మోతతో అక్కడికి పోవడం ఏ రకంగా చూసినా మర్యాద కాదు.

తీరానికి కాస్త లోపల ఇంకో నేల ఉంది. పంట తీసి నీళ్లు తోడి ఎండగట్టిన రొయ్యల చెరువు అడుగు గట్టి బంకమట్టి. చుట్టూ గట్టు ఉంటుంది కాబట్టి కారు బయటికి ఎగిరిపోదు, చూసేవాళ్లకు ఎత్తు దొరుకుతుంది. గట్టు మీద నాలుగు బల్లలు కలిపి వేస్తే మంచె తయారు. యజమానిని అడిగి, తరవాతి పంటకు నీళ్లు పెట్టేలోగా శుభ్రం చేసి అప్పగిస్తామని మాట ఇచ్చి, నిలబెట్టుకోవాలి. విరిగిన ప్లాస్టిక్ ముక్క ఒక్కటి కూడా ఆ మట్టిలో మిగలకూడదు.

పది మంది కుర్రాళ్లు, పది కార్లు, పాత నీళ్ల గొట్టాలతో హద్దులు, ఒక మైకు, నాలుగైదు నారింజ చొక్కాలు ఉంటే ఆదివారం సాయంత్రం పందెం పెట్టుకోవచ్చు. పిల్లలకు కారు కొనిపెట్టే తల్లిదండ్రులు మొదటి రోజు రిమోట్ ఇచ్చే ముందు ఆ చొక్కా తొడిగి ఒక మలుపు దగ్గర నిలబెట్టాలి. పెద్ద పోటీల్లోనైనా వరస ఇదే. ఒక పందెం ముగియగానే నడిపినవాళ్లు కార్లు బల్ల మీద పెట్టి నేరుగా మలుపుల దగ్గరికి పోతారు. నిర్వాహకుడు ఒక్కో మలుపూ చూసుకుంటాడు. ఒక్క చోట మార్షల్ లేకపోయినా తరవాతి పందెం మొదలవదు.